నలభై లీటర్లు

లెక్చరర్ నా చెవిలో మాట్లాడుతూనే ఉన్నాడు, ఒకటిన్నర స్పీడులో, ఎక్కడో ఏసీ గదిలో తెల్ల బోర్డు ముందు నిలబడి, సాక్ష్యం రాకముందు మీ నమ్మకం ఎంత, వచ్చిన తర్వాత ఎంత అని. ఇది పదిహేడో లెక్చరు, మూడోసారి వింటున్నాను. జీపులో సీటు కాలిపోతోంది, అద్దం దించితే ఈ కప్పగల్లు ఊరి దుమ్ము, ఎత్తితే ఉక్క. మగవాళ్ళంతా మిట్ట మీది పీర్ల చావిడిలోకి పోయి ఇరవై నిమిషాలైంది, నన్ను మాత్రం చిన్నాయన వేలు చూపించి, "నువ్వు జీపులోనే ఉండుమ్మా, ఆడోళ్ళకు ఆడేం పని" అన్నాడు. ఏం పనా? ఈ పంచాయితీ మొత్తం నా పనే కదయ్యా. హుసేనప్ప మామను దొంగ అన్నది నేను రాసిన ప్రోగ్రాము. నా ఫోనులో మోగిన మోతకే ఇరవై రెండేళ్ళు మా లారీలు తోలిన మనిషి ఈరోజు గుండంలో బూడిద ముట్టుకుని ప్రమాణం చెయ్యాలి. చేస్తే డ్రైవరు, చెయ్యకపోతే దొంగ. నేను మాత్రం జీపులో కూర్చుని నమ్మకం గురించి పాఠం వినాలి. కోపం వస్తోంది, ఎవరి మీదో సరిగ్గా తెలియని కోపం, చిన్నాయన మీదనా, తమ్ముడి మీదనా, ఈ తెల్ల బోర్డు మీదనా. తెలియకపోవడమేంటి, తెలుసు. దాన్ని తలుచుకోవడం ఇష్టం లేక ఈ పాఠాన్ని మూడోసారి పెట్టుకున్నాను.

ముప్పై ఒక్క లారీలు మావి, సండూరు వైపు గనుల నుంచి ఖనిజం దించుతాయి. నాయన పోయాక వెంకటప్పయ్య చిన్నాయనదే పెత్తనం, తమ్ముడు విక్రమ్ ఆయన వెనకాల తోక. నేను ఎంసీఏ చదివి బళ్ళారిలో ఇంట్లో కూర్చుని వీడియోలు చూసే పిల్ల. "అదేం మెషిన్ లర్నింగో ఏమో, సుమ్నే, ఊరికే ఫోను చూసుకుంటా ఉంటాది" అని చుట్టాలతో నవ్వేవాడు చిన్నాయన. కోర్సులో ఆఖరి ప్రాజెక్టుకి నిజమైన డేటా కావాలంటే మా లారీలున్నాయి కదా అనుకున్నాను. ట్యాంకుల్లో డీజిల్ కొలిచే సెన్సార్లు అప్పటికే ఉన్నాయి, వాటి అంకెలు ఎవడూ చూడడు. నేను చూశాను. ఇంజను ఆగి ఉన్నప్పుడు ట్యాంకులో డీజిల్ తగ్గి, అరగంట సేపు అట్లాగే తక్కువగా ఉంటే మోత. డ్రైవర్ల పేర్లన్నిటి పక్కన పచ్చ చుక్కలు, మోత వస్తే ఆ పేరు పక్కన ఎర్ర చుక్క. ప్రాజెక్టుకి తొంభై రెండు మార్కులు వచ్చాయి. బెంగళూరు కంపెనీకి పంపిన అప్లికేషన్లో అన్నిటికంటే పైన రాసుకున్నది దాన్నే. ఎనిమిది రోజుల కింద మధ్యాహ్నం అది మోగింది, మామ తోలే బండి పద్నాలుగు, గనుల దగ్గరి చోరనూరు, నలభై లీటర్లు. విక్రమ్ పరుగెత్తుకొచ్చి "అక్కా, నీ మెషిను ఎంత కరెక్టు?" అని అడిగాడు. తొంభై అయిదు శాతం, అన్నాను. వాడు వెళ్ళి చిన్నాయనకు చెప్పింది ఇంకొకటి: హుసేనప్ప దొంగ అనేదానికి తొంభై అయిదు శాతం గ్యారంటీ అంట. పక్క గదిలోనే ఉన్నాను, విన్నాను, రెండూ ఒకటి కావని తెలుసు, పాఠం మొత్తం ఆ తేడా గురించే. చిన్నాయన మొదటిసారి నా వైపు తిరిగి, "భేష్, పనికొచ్చేది నేర్చినావు" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఎనిమిది రోజులు నోరు మూసుకున్నాను. ఛీ.

వెయ్యి ట్రిప్పులు తీసుకో, అనాలి నేను ఆ రోజు. కాగితం తెచ్చి, తమ్ముడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాలి. వెయ్యి ట్రిప్పుల్లో నిజంగా డీజిల్ తీసేవి ఎన్ని రా, అయిదు అనుకుందాం, ఆ అయిదింటినీ నా మోత పట్టుకుంటుందనే అనుకో. తక్కిన తొమ్మిది వందల తొంభై అయిదు ట్రిప్పులు నిఖార్సైనవి, వాటిలో నూటికి అయిదు చొప్పున నా మోత ఉత్తినే మోగుతుంది, అంటే దాదాపు యాభై. మొత్తం యాభై అయిదు మోతలు, అందులో దొంగలు అయిదుగురు. మోత మోగిందంటే పదకొండుమందిలో పదిమంది ఏ పాపం ఎరగనివాళ్ళు. ఇది లెక్క. లెక్చరర్ దీన్ని జబ్బు పరీక్షతో చెప్పాడు, క్విజ్‌లో పదికి పది తెచ్చుకున్నాను, ఏ ఊరో తెలియని రోగి గురించి అయితే ఎంత చక్కగా చేశానో. మన ఇంటి ముందు చెప్పులు విడిచి, నెత్తి మీది తువ్వాలు తీసి, "నేను తీయలేదప్పా" అని నిలబడిన మనిషి దగ్గరకి వచ్చేసరికి పదికి సున్నా. తెలియక చేసినవాళ్ళకంటే తెలిసి ఊరుకున్న నన్ను ఎక్కువ కొట్టాలి.

ప్రయర్, అంటే ముందు నమ్మకం, అంటున్నాడాయన చెవిలో, ముందు నమ్మకాన్ని నిజాయితీగా పెట్టండి, ఎక్కడి నుంచి తెచ్చారో రాసిపెట్టుకోండి. ఎక్కడి నుంచి తెచ్చానా? మా వరండాలో నుంచి. చిన్నాయన టీ తాగుతుంటే డ్రైవర్ల పేర్లు చదివాను, ఒక్కొక్కడికి పదికి ఎంత అనుమానమో చెప్పమని. ముప్పై ఒక్క మంది బతుకులు ఒక గ్లాసు టీలో అయిపోయాయి. వీడికి రెండు, వాడికి ఒకటి, వాడు మన పంపమ్మ కొడుకు కదా వాడికి సున్నా. హుసేనప్ప? గ్లాసు కింద పెట్టి ఆలోచించాడు. "వానికి ఏడేసుకో." ఎందుకు చిన్నాయనా, ఎప్పుడన్నా తీసినాడా? "తీసిండేది చూడలేదు గానీ, నోరెక్కువమ్మా వానికి. అది బాగలేదు, ఇది రిపేరి చేపియ్యండి అని దినామూ ఒగటే రాగం. ఎదురు మాట్లాడేవాణ్ణి నమ్మకూడదు." ఏడు వేశాను. నేను, ఈ చేత్తో. సండూరు ఘాటులో ప్రాణం మీదికొచ్చే బండికి రిపేరు అడగడం దొంగ లక్షణమని టైప్ చేసి, దాన్ని దశాంశంలోకి మార్చి, ప్రయర్ అని పేరు పెట్టి, మార్కులు తెచ్చుకున్నాను. చిన్నాయన కసి నా కంప్యూటర్లోకి వెళ్ళి గణితమై బయటికొచ్చింది, ఆ గణితాన్ని మళ్ళీ చిన్నాయనకే చూపిస్తే చూసినావా నేను ముందే చెప్పలా అంటాడు. అనకేం చేస్తాడు.

మిట్ట మీద మాటలు వినిపించడం లేదు. మా లారీల వాళ్ళకు ప్రమాణమంటే ఇదే, అనుమానం వచ్చినవాణ్ణి ఈ చావిడికి తెస్తారు, మొహర్రానికి నిప్పులు పోసే గుండంలో బూడిద ముట్టుకుని నేను తీయలేదు అంటే అయిపోయింది, ఆ పైన ఎవడూ అడగడు. రెండేళ్ళ కింద సిద్ధు అని ఒక క్లీనరు స్టెప్నీ టైరు అమ్ముకుని, ఇక్కడికొచ్చి, నవ్వుకుంటూ బూడిద ముట్టి, మా ఇంట్లో భోజనం చేసి వెళ్ళాడు. ఆ టైరు మూడు నెలలకు హొసపేట దగ్గర వేరే బండికి కనిపించింది. హుసేనప్ప మామ ముట్టనంటున్నాడు. ఎనిమిది రోజులుగా అదే మాట. పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే వాళ్ళమ్మ ఈ పీర్లకే మొక్కుకుని కన్న కొడుకు, అందుకే ఆ పేరు, ఆ పేరుకి ఏడాదికోసారి పది రోజులు చెప్పులు కూడా వేసుకోడు. "నలభై లీటర్ల డీజిల్‌కి నేను స్వామి పేరు ఎత్తాల్నా?" అన్నాడు, అంతే. దాన్ని పట్టుకున్నాడు విక్రమ్, చూసినారా, దొంగ కాకుంటే ప్రమాణానికి ఎందుకు భయం అని. అందరూ తలలూపారు. ఒరేయ్, దొంగ అయితే ప్రమాణం చెయ్యనంటాడా చేసేస్తాడా, నిజాయితీపరుడైతే చెయ్యనంటాడా చేసేస్తాడా, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి కదరా, పాఠంలో మూడో నిమిషంలోనే ఉంది అది. సిద్ధులాంటివాడు చిటికెలో ముట్టేస్తాడు. దేవుడంటే నిజంగా భయమున్నవాడే వెనక్కి తగ్గుతాడు. వాళ్ళు సాక్ష్యమనుకుంటున్నది పూర్తిగా మామ వైపు మొగ్గే సాక్ష్యం, మా మగవాళ్ళు దాన్ని తలకిందులుగా పట్టుకుని ఊరేగుతున్నారు. ఇదన్నా చెప్పానా? ఈ ముక్క ఇప్పుడే తోచింది, జీపులో, చెమటలు కారుతుంటే.

ఎదురుగా బండి పద్నాలుగు నిలబడి ఉంది. మామే తోలుకొచ్చాడు, నేను దొంగనా కాదా తేలేదాకా నా బండిని వేరేవాడు ముట్టుకోకూడదు అని. చావిడి ముందర వాలులో, ముక్కు కిందికి దించి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి నిలిపాడు. ఎర్రమట్టి పట్టిన ట్యాంకు, దాని మూతకి తాళం, తాళం మీద ఎండ. దగ్గరలో నరమానవుడు లేడు, ఒక మేక లారీ నీడలో పడుకుని ఉంది. ఇప్పుడు పోస్టీరియర్, అంటే సాక్ష్యం వచ్చాక నమ్మకం గురించి మాట్లాడుకుందాం, అన్నాడు లెక్చరర్, అంతలో ఆయన గొంతు తగ్గి ఫోను మోగింది, ఎనిమిది రోజుల కింద మోగిన మోతే, నేనే ఎంచి పెట్టిన గంట. డీజిల్ తగ్గింది. బండి పద్నాలుగు. కప్పగల్లు. ముప్పై ఎనిమిది లీటర్లు.

ట్యాంకు చూశాను. ఫోను చూశాను. మేక చెవి ఆడించింది. అరగంట నుంచి నా కళ్ళ ముందు ఉన్న ట్యాంకు, మూత కదలలేదు, చుక్క కారలేదు, దిగి వెళ్ళి కింద మట్టి ముట్టుకుని కూడా చూశాను, పొడి. అయినా ముప్పై ఎనిమిది లీటర్లు పోయాయట. డీజిల్ ముందుకి జారింది, సెన్సారు ట్యాంకు వెనక మూలన ఉంది, బండి వంగి నిలబడితే దానికి తక్కువే కనిపిస్తుంది, ఇంతే, ఇంతే విషయం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు హుసేనప్ప మామే నన్ను ట్యాంకు మీదికి ఎత్తి, చెక్క బద్ద లోపలికి దించి, తడి ఎంతవరకు ఉందో చూపించి, "బండి సమంగా నిలపాల పాపా, అప్పుడే బద్ద నిజం చెప్తాది" అన్నాడు. నాకు చెప్పాడు. నాకే. పదిహేడు లెక్చర్లు విన్నదానికి ఆ ఒక్క మాట గుర్తు రాలేదు. మరి ఎందుకు వాలులోనే నిలుపుతాడు ఎప్పుడూ? సెల్ఫ్ మోటారు పోయింది కదా. తాళం తిప్పితే లేవదు, రాళ్ళు తీసి, కిందికి దొర్లించి, గేరు వేసి క్లచ్ వదిలితేనే లేస్తుంది. చదునులో ఆపితే పదిమంది నెట్టాలి, రాత్రిళ్ళు మా షెడ్డులో అయితే పొద్దున నెడతారు, దారిలో ఎవరున్నారు. సెల్ఫ్ వేయించమని ఉగాది ముందు అడిగాడు, ఉగాది తర్వాత అడిగాడు, మొన్నామధ్య మా గేటు దగ్గర విక్రమ్ బైకుకి అడ్డం నిలబడి అడిగాడు, వాడు చూద్దాంలేప్పా అంటూ వెళ్ళిపోయాడు. అందుకే మామకు ఏడు. అందుకే వాలు. మామూలుగా టీకి ఆగితే పది నిమిషాలే, మోగదు, ఆ రోజు చోరనూరులో లోడింగు లేటై తిని రెండు గంటలు పడుకున్నాడు, మోగింది. మేం వేయించని మోటారుకి ఆయన్ను దొంగను చేశాం.

మరి బండి మళ్ళీ చదునుకి వచ్చినప్పుడు డీజిల్ పెరిగినట్టు కనిపించాలి కదా, ఎందుకు కనిపించలేదు అని ఒక్క క్షణం ఆశ పుట్టింది, తప్పు ఇంకెక్కడన్నా ఉందేమోనని. లేదు. నేను రాసిన లైను గుర్తొచ్చింది. బంకులో పోయించిన బిల్లు లేకుండా మట్టం పెరిగితే అది సెన్సారు తప్పు, తీసెయ్. అట్లా పెరిగినవి డేటాలో వందల కొద్దీ ఉన్నాయి, గ్రాఫు వికారంగా ఉందని ఒక సాయంత్రం అన్నిటినీ తుడిచేశాను. తగ్గితే దొంగతనం, పెరిగితే తప్పుడు అంకె. అది ఎవరు నేర్పారు నాకు? ఏ లెక్చరులోనూ లేదది. అది మా ఇంట్లో నేర్చుకున్నదే, మా వరండాలో అందరం అట్లానే చూస్తాం పనివాళ్ళను, పోయింది కనిపిస్తుంది, వచ్చింది కనిపించదు.

మిట్ట ఎక్కాను. చావిడి అరుగు మీద చిన్నాయన, పక్కన విక్రమ్, గోడకు ఆనుకుని, పీర్లుండే మకాను చూసుకునే హనుమప్ప. గుండం ఒడ్డున హుసేనప్ప మామ కింద కూర్చుని ఉన్నాడు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని.

"నిన్ను రావద్దంటి కదమ్మా" అన్నాడు చిన్నాయన.

"లారీ కాడ ఎవురూ లేరు చిన్నాయనా. నేను చూస్తానే ఉండా. ఇప్పుడే మళ్ళీ మోగింది. చూడు, ముప్పై ఎనిమిది లీటర్లంట. బండి వాలుగా నిలబడితే మెషిను తప్పు చెప్తాంది. తప్పు నాది, మామది కాదు."

మామ తలెత్తాడు. "వాలులో నిలపకుంటే బండి యాడ లేస్తాదమ్మా. సెల్ఫ్ లేదు కదా" అన్నాడు, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు.

చిన్నాయన ఫోను తీసుకుని దూరం పెట్టి చూశాడు, వెనక్కి ఇచ్చాడు. "సరే, ఈపొద్దు తప్పు చెప్పింది. ఆపొద్దు చోరనూరులో కూడా తప్పే చెప్పిందని నీకేం గొత్తు? చూసినావా? నూటికి నూరు గ్యారంటీ ఇస్తావా?"

ఇస్తాను అని ఉండాల్సింది. ఒక్క మాట. నూటికి నూరు ఎప్పుడూ అనకండి అని మూడో లెక్చరులో చెప్పిన మనిషి నా నాలుక మీద కూర్చుని ఉన్నాడు. "నూటికి తొంభై ఎనిమిది" అన్నాను.

విక్రమ్ నవ్వాడు. "మల్ల ఆ రెండు?"

"అదే కదప్పా," చిన్నాయన హాయిగా వెనక్కి వాలాడు, "ఆ రెండుకే ప్రమాణం అనేది. ఒగసారి ముట్టుకోమను, ముగిసిపోతాది."

అప్పుడు అరిచాను. చావిడిలో ఆడది అరవకూడదట, హనుమప్ప చెయ్యి అడ్డం పెట్టాడు, అయినా అరిచాను. తొంభై అయిదు అన్నప్పుడు మిగిలిన అయిదు ఏమైందని ఒక్కడన్నా అడిగినారా, దొంగను చెయ్యడానికి తొంభై అయిదే నూరయింది, ఇప్పుడు వదిలేదానికి తొంభై ఎనిమిది చాలదా, సెల్ఫ్ మోటారు ఎన్నిసార్లు అడిగినాడు రా విక్రమ్, చెప్పు, నువ్వు ముట్టు బూడిద, మూడుసార్లు అడగలేదని ముట్టు. విక్రమ్ ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. చిన్నాయన "ఎంత చదివిస్తే అంత నోరు" అన్నాడు. నాకు కూడా ఇప్పుడు ఏడు వేసుకుని ఉంటాడు.

హుసేనప్ప మామ లేచాడు. పంచె దులుపుకుని, మకాను వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. బూడిద ముట్టలేదు. మా ఎవరి వైపూ చూడకుండా మిట్ట దిగాడు, చక్రాల కింద రాళ్ళు తీశాడు, ఎక్కి కూర్చున్నాడు. లారీ మెల్లగా దొర్లింది, మేక లేచి పక్కకి పోయింది, సగం వాలులో ఒక్క కుదుపుతో ఇంజను లేచి నల్లటి పొగ కక్కింది. కింద రోడ్డు మీదికి దింపి చదునుగా నిలిపాడు. దిగాడు. ఇంజను ఆపలేదు.

అప్పటికి నేను కిందికి పరుగెత్తుకొచ్చాను. సీటు వెనక నుంచి తన సంచి తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు.

"పాపా, నీ ఫోన్లో నా పేరు కాడ ఎర్ర చుక్క ఉండాదంట. తీసెయ్ తల్లీ."

"తీసేస్తా మామా. యాడికి పోతాండావు, నిలుసుకో, తప్పు నాదే కదా, నేను వాళ్ళకు మళ్ళీ చెప్తా..."

"ఆయితమ్మా, అయిపోయిందిలే," అన్నాడు, నన్ను ఊరుకోబెడుతున్నట్టు. తువ్వాలు నెత్తి మీద వేసుకుని బళ్ళారి బస్సు ఆగే వైపు నడిచాడు. పిలిచాను, వెనక్కి తిరగలేదు.

విక్రమ్ వచ్చి లారీ చుట్టూ తిరుగుతున్నాడు. మిట్ట మీద నుంచి చిన్నాయన కేకలు వేస్తున్నాడు, ఇంజన్ ఆపండ్రా, డీజిల్ సుమ్నే కాలిపోతాంది, ఆపండి అని. ఆపితే ఈ చదునులో అది మళ్ళీ లేవదు, లేపేవాడు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. విక్రమ్ తాళం మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. ఫోను తెరిచి ఎర్ర చుక్క తీసేశాను, దానికి ఒక్క సెకను పట్టింది. ట్యాంకులో డీజిల్ ఇప్పుడు సమంగా సర్దుకుని ఉంటుంది. ముప్పై ఎనిమిది లీటర్లు తిరిగి వచ్చాయని ఫోను మోగుతుందేమోనని చేతిలో పట్టుకుని అరగంట నిలబడ్డాను. మోగలేదు. మోగకుండా రాసింది నేనే.